పెదవి కనబడేంత స్పష్టంగా

ఆర్మూర్,
10 ఫిబ్రవరి 2025

సంధ్యారాణికి,

నీ పెద్దమ్మ గంగమణి చెబుతుంటే పక్కింటి సువార్త టీచర్ రాస్తున్నది. మొదట "ఇక్కడ అందరం బాగున్నాం" అని రాసింది. కొట్టేయమన్నాను. బాగాలేను. నీ మీద ఫిర్యాదు ఉంది.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే "సరే పెద్దమ్మా, చూస్త పెద్దమ్మా" అని నాలుగు మాటలకే పెట్టేస్తావు. కాగితాన్ని పెట్టేయలేవు. నీ బల్ల మీద నాలాగే కదలకుండా కూర్చుంటుంది. ఇకనుంచి నువ్వు ఫోన్ చేసినా ఎత్తను. టీచర్ ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పింది, నా మాటను పుస్తకం మాటలా దిద్ది రాస్తానంటే ఒప్పుకున్నాను. కేసు శుభ్రంగా ఉండాలి. ఎవరైనా అన్న మాటను మాత్రం అన్నది అన్నట్టే రాయమన్నాను.

సంగతి ఇది. పోయిన నెల టీచర్ మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని బటన్లు నొక్కుతూ ఒక్కసారిగా కేక పెట్టింది. "గంగమణక్కా, ఉర్కి రా! మీ యమున టీవీల ఉంది!" పొయ్యి మీది అన్నం వదిలేసి వచ్చాను. మాడింది. మాడనీ.

నీకు గుర్తుందో లేదో, తొమ్మిదేళ్ల కింద సినిమావాళ్లు పెర్కిట్ దగ్గర మేము పని చేసే పసుపు కల్లానికి వచ్చారు. నువ్వు అప్పుడు హైదరాబాద్‌లో చదువుతున్నావు. మమ్మల్నందరినీ పసుపు కొమ్ములను తిప్పి మెరుగుపెట్టే పాలిష్ డ్రమ్ము దగ్గర నిలబెట్టి తీశారు. ఆ సినిమా వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. అది వచ్చేనాటికే మీ అమ్మ లేదు, సినిమా చూసే మనసు ఎవరికుంది? ఇప్పుడు అది మీ కంపెనీలాంటి వాళ్లు ఇంటింటికీ పంపే సినిమాల్లో ఉన్నది. అందులో మీ అమ్మ, నా చెల్లెలు, కదులుతూ ఉన్నది.

కానీ ముఖం లేదు. నీళ్లలో పసుపు కలిపి అందులో మనిషిని ముంచినట్టు ఉన్నది. ముక్కేదో మూతేదో తెలియదు. దగ్గరికి పోతే చిన్న చిన్న గళ్లు, దూరం పోతే పొగ. అదే టీవీలో వంటల కార్యక్రమం వస్తే వంకాయలో పురుగు కూడా కనబడుతుంది. మా చెల్లె ముఖమే కనబడదు.

గోడ మీదున్న ఫోటో ఓటరు కార్డు నుంచి పెద్దది చేసింది. అందులో దొంగతనం చేసి దొరికినదానిలా నిలబడింది. నా చెల్లె అట్లా ఉండేది కాదు.

టీవీల్లోకి సినిమాలు పంపే కొలువు నీదే అని ఊరంతా చెప్పుకుంటుంది. నీ తల్లి ముఖాన్ని ఎందుకు చెరిపేశారో జవాబు రాయి. రాకపోతే ఇంకో ఉత్తరం వస్తుంది, దీనికంటే పెద్దది.

గంగమణి వేలిముద్ర
(సిరా కాదు, పసుపు)

* * *

బెంగళూరు,
18 ఫిబ్రవరి 2025

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆఫీసుకు వచ్చింది. కవరు మీద పసుపు చూసి సెక్యూరిటీ అతను రెండుసార్లు వాసన చూశాడు.

ముఖాన్ని ఎవరూ చెరపలేదు. సినిమా తీసినవాళ్లకు ఒక భయం ఉంటుంది: మంచి బొమ్మ పంపితే ఎవరో ఒకరు నకలు తీసి అమ్ముకుంటారని. అందుకని సినిమా పంపే ముందు ప్రతి టీవీనీ "నిన్ను నమ్మొచ్చా?" అని అడుగుతారు. మంచి కంపెనీ టీవీల లోపల దానికి జవాబు చెప్పే తాళం ఉంటుంది. నీ టీవీ అంగట్లో కొన్న పేరు లేని టీవీ. దానిలో ఆ తాళం లేదు. అలాంటి టీవీకి మంచి బొమ్మ పంపే అనుమతి లేదు. చూడనివ్వకుండా ఆపరు, తక్కువ బొమ్మ పంపుతారు. అది తప్పు కాదు, నియమం.

ఇంకో మాట. ఆ సినిమా మార్చి 31 వరకే ఉంటుంది. ఆ తర్వాత తీసేస్తారు. మళ్లీ ఎక్కడ వస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేను.

నేను ఆ సినిమా చూడలేదు. చూసే ఉద్దేశం లేదు.

కంటి ఆపరేషన్ సంగతి ఏం చేశావు? టీచర్‌గారికి నమస్కారాలు.

నీ సంధ్య

* * *

ఆర్మూర్,
25 ఫిబ్రవరి 2025

సంధ్యారాణికి,

చదివి వినిపించింది టీచర్. రెండోసారి చదవమన్నాను, తప్పు విన్నానేమోనని. అనుమతి లేదని రాశావు. ఎవరి అనుమతి? నా చెల్లెను చూడటానికి నాకు అనుమతి ఇచ్చేది ఎవరు? ఆమె పుట్టినప్పుడు బొడ్డు కోసిన ముసలమ్మ పక్కన దీపం పట్టుకుని నిలబడ్డది నేను. అప్పుడు ఎవరూ నన్ను "నిన్ను నమ్మొచ్చా" అని అడగలేదు.

నీ మాట నమ్మకుండా ఫోటో స్టూడియో ప్రేమ్‌చంద్ దగ్గరికి పోయాను. వాని ఫోన్ మంచిది, వాని ఫోన్లో మీ అమ్మ స్పష్టంగానే ఉన్నది. ఉండి ఏం లాభం? గుంపు వెనక నుంచి నడిచి వచ్చే మనిషి, ముఖం మినపగింజంత. నా కళ్లకు ఆనదు. "గా ముఖం ఒక్కటి పట్టి పెద్దగ చేసి కాగితం మీద తియ్యి బిడ్డా" అన్నాను. "అదెంత పని అక్కా, గీ నిమిషంల అయిపోతది" అన్నాడు. పట్టాడు. నల్లగా వచ్చింది. మళ్లీ పట్టాడు. మళ్లీ నలుపే. పక్కన ఉన్నవన్నీ వస్తున్నాయి, సమయం వస్తున్నది, బ్యాటరీ గుర్తు వస్తున్నది. సినిమా ఉన్నచోట మాత్రం కాటుక పూసినట్టు నలుపు.

"గిదేందక్కా, నేను ఎన్ని పెండ్లిళ్లు తీసిన, గిసొంటిది సూడలే" అని వాడు చెమట తుడుచుకున్నాడు.

నాకు అప్పుడు తెలిసింది. ఇది టీవీ సంగతి కాదు. ఎవరో ఆమె మీద నల్లగుడ్డ కప్పుతున్నారు. నేను చూడొద్దని. ఆ కప్పుతున్నది నువ్వేనా? సూటిగా అడుగుతున్నాను.

ముఖమే కావాలంటే గోడ మీద ఉన్నదానితో సరిపెట్టుకునేదాన్ని. నాకు కావలసింది పెదవులు.

నీకు ఎవరూ చెప్పలేదేమో. డ్రమ్ము తిరుగుతున్నప్పుడు లోపల పసుపు కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని చేసే చప్పుడుకు పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. నోరు బాగా తెరిస్తే గొంతులోకి పసుపు దుమ్ము పోతుంది. అందుకని మేము ఆడవాళ్లం గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్లకు ఒక పంట కారు పడుతుంది నేర్చుకోవడానికి. నాకు అక్షరం రాదు. పెదవి చదవడం వచ్చు. ఇరవై అడుగుల దూరం నుంచి నేనూ మీ అమ్మా మేస్త్రీ మల్లయ్యను అతని ముందరే ఎన్ని మాటలన్నామో అతనికి ఈనాటికీ తెలియదు.

ఆ సినిమాలో మీ అమ్మ ఒకవైపు తిరిగి ఏదో అంటుంది. పైన పాట పెట్టారు, డ్రమ్ము చప్పుడు కూడా లేదు. ఆ అన్నది నాతోనే. అది ఏమిటో నాకు కావాలి.

ఇక్కడికి వచ్చాక టీచర్ కలం ఆపి నా వైపు చూసింది. రాయమన్నాను. రాసింది.

గంగమణి వేలిముద్ర

* * *

బెంగళూరు,
5 మార్చి 2025

పెద్దమ్మా,

సూటిగా అడిగావు, సూటిగా చెబుతాను. నల్లగుడ్డ కప్పుతున్నది నేనే.

మీ అందరికీ సినిమాలు పంపే కొలువు అని చెప్పాను, నిజానికి నా పని పంపడం కాదు. ఎవరైనా ఫోన్లోంచి బొమ్మ పట్టబోతే నల్లగా రావాలి. వస్తుందో లేదో చూడాలి. రాకపోతే వచ్చేలా చేయాలి. ఆరేళ్లుగా అదే నా పని. నలుపు వస్తే మేము చప్పట్లు కొడతాం. ప్రేమ్‌చంద్ అన్నకు చెప్పు, అతని ఫోన్ తప్పు లేదు.

కానీ నీ మీద కోపంతో కప్పలేదు. ఆ గుడ్డ కింద మా అమ్మ ఉందని నాకు తెలియదు.

కోపం లేదనీ కాదు. నువ్వు అమ్మ మాట కావాలంటున్నావు. ఆమె బతికుండగా పదకొండు నెలలు ఆమెతో మాట్లాడనిది ఎవరు? నన్ను నీ ఆడబిడ్డ కొడుకు రాజేశ్‌కు ఇస్తానని నువ్వు మాట ఇచ్చావు. అమ్మ కాదని నన్ను చదువుకు పంపింది. అంతే కదా ఆమె చేసిన నేరం? ఒకే డ్రమ్ముకు అటొకరు ఇటొకరు నిలబడి పదకొండు నెలలు. సెలవుల్లో వచ్చినప్పుడు అమ్మ అన్నం తింటూ తింటూ నీ ఇంటి గోడ వైపు చూసేది. నాకోసం మీరిద్దరూ విడిపోయారని ఆ పల్లెం ముందు కూర్చుని నాకు అన్నం దిగేది కాదు. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు కాగితం మీద చెప్పాను, పెట్టేయలేవు.

నీ ఉత్తరం చదివాక సినిమా చూశాను. ఆఫీసులో పరీక్షలు చేసే గది ఉంది, గోడంత తెర, ఒక్క చుక్క కూడా తగ్గని బొమ్మ. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక తలుపేసుకున్నాను.

పెద్దమ్మా, దుమ్ము బంగారంలా లేచి నిలబడి ఉంది. ఎండ వచ్చి అందులో చిక్కుకుంది. అందులోంచి అమ్మ నడిచి వస్తుంది, తొందరేమీ లేనట్టు. గడ్డం కింద పుట్టుమచ్చ కూడా కనబడింది. అది ఉందని నేను మరిచిపోయాను. తల తిప్పి ఎవరినో చూస్తుంది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. పెదవులు కదిలాయి. నాలుగు సెకన్లు.

నలభైసార్లు చూశాను. ఆపి చూశాను, నెమ్మదిగా తిప్పి చూశాను. మూడు భాషలు చదివే నాకు మా అమ్మ పెదవులు చదవడం రాలేదు. నకలు తీసి నీకు పంపలేను, నేను కట్టిన తాళం నాకే తెరుచుకోదు. తెరిచినా, తెరను వేరే ఫోన్‌తో తీసినా కొలువు ఉండదు.

నువ్వు ఆరోజు ఎదురుగానే ఉన్నావు కదా? అప్పుడే చదివి ఉంటావు కదా? నన్ను ఎందుకు అడుగుతున్నావు?

సంధ్య

* * *

ఆర్మూర్,
12 మార్చి 2025

సంధ్యారాణికి,

కేసు వాపసు తీసుకుంటున్నాను.

ఎదురుగానే ఉన్నాను. చదవలేదు. ఆమె నా వైపు తిరగడం కంటి చివర కనబడింది. పదకొండు నెలలకు మొదటిసారి. నా పంతం నాకు గొప్ప. ముఖం పక్కకు తిప్పుకున్నాను. రేపు చదువుదాంలే అని తిప్పుకున్నాననుకోవద్దు, ఎల్లుండి కూడా తిప్పుకుందామనే తిప్పుకున్నాను. ఇరవై రోజులకు ఆమెకు జ్వరం వచ్చింది, నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయేసరికి మాట పడిపోయింది. పెదవి కూడా కదల్లేదు. నేను ఆమె మంచం కోడు పట్టుకుని చూస్తూనే ఉన్నాను.

ఆ మాట కెమెరా ఒక్కటే చూసింది. అందుకని టీవీతో కొట్లాడాను, నీతో కొట్లాడాను.

కనుబొమ్మలు ముడిపడ్డాయని రాశావు. ఆ కనుబొమ్మ నాకు తెలుసు. చిన్నప్పుడు నేను జడ గట్టిగా లాగితే అట్లాగే ముడిచేది, ఆ వెనక తిట్టు వచ్చేది. తిట్టే అయి ఉంటుంది. తిట్టే హక్కు ఉన్నది ఆమెకు. ఇన్నేళ్లకు ఒక తిట్టు తినడానికి నేను దుకాణాల చుట్టూ తిరగాలా? వద్దు.

మొన్న పగటిపూట అరుగు మీద కునుకు పట్టింది. సిద్ధులగుట్ట రాళ్లన్నీ పసుపు కొమ్ములై నెమ్మదిగా తిరుగుతున్నాయి, చప్పుడే లేదు. అటువైపు ఆమె. పెదవులు కదుపుతున్నది. నేను దగ్గరికి పోయినకొద్దీ ముఖం టీవీలోలాగా గళ్లు గళ్లుగా విడిపోయి దుమ్ములో కలిసింది. లేచాక టీచర్‌తో చెబితే "అక్కా, నువ్వు భయపడుతున్నవ్" అన్నది. "నేనా? ఎవలకు?" అన్నాను. ఈ వాక్యం వద్దంటే కూడా టీచర్ రాస్తున్నది.

నువ్వు పల్లెం ముందు అన్నం మింగలేదని తెలియదు. రాజేశ్ సంగతిలో తప్పు నాది. ఇంతకంటే ఎక్కువ రాయించలేను.

గంగమణి

(వేలిముద్ర వేయనంటున్నది. సంధ్యా, ఆమె రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. – సువార్త)

* * *

బెంగళూరు,
19 మార్చి 2025

పెద్దమ్మా,

నువ్వు కేసు వాపసు తీసుకుంటే నేను వేస్తున్నాను.

నాకోసం చూడు. తిట్టయితే తిట్టు ఏమిటో చెప్పు. ఆ తిట్టు నీ ఒక్కదానిది కాదు, మీ గొడవకు కారణం నేను, అందులో నాకూ సగం ఉంటుంది. కనుబొమ్మలు ముడిపడ్డాయని రాశాను గానీ, ఎందుకో నాకేం తెలుసు? చదవడం రానిదాన్ని నేను. నా మాట పట్టుకుని నువ్వు తీర్పు ఇచ్చేస్తావా?

నాకు ఈ నెలాఖరు దాకా సెలవు దొరకదు, అడిగి చూశాను. పోస్టు చేరేసరికి వారం కూడా మిగలదు, జాగ్రత్తగా విను. చౌరస్తాలో పెద్ద టీవీల దుకాణానికి పో. మంచి కంపెనీ టీవీలో నా పేరుతో సినిమా పెట్టమను, వివరాలు వెనకవైపు రాశాను, టీచర్‌గారు చదువుతారు. ఒకే టీవీలో పెట్టమను. తీగలు కలిపి నాలుగు టీవీలకు పంచితే నకలు తీస్తున్నారనుకుని ఆ తాళం అన్నిటినీ నల్లగా చేస్తుంది. ఆ నలుపు కూడా నేనే.

అమ్మ వచ్చేది గంటా పన్నెండు నిమిషాల దగ్గర.

నువ్వు తప్ప ఆ నాలుగు సెకన్లు చదవగలిగిన మనిషి నాకు ఇంకెవరూ లేరు.

నీ సంధ్య

* * *

ఆర్మూర్,
1 ఏప్రిల్ 2025

బిడ్డా సంధ్యా,

ఉత్తరం ఇరవై ఆరునే వచ్చింది. అయినా ముప్పై ఒకటి దాకా పోలేదు. దాచేదేముంది, భయపడ్డాను. నిన్న పొద్దున టీచర్ చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడి "నేనొక్కదాన్నే పోయి సూసొస్త, నాకు పెదవులు సదువుడొస్తది అనుకుంట" అన్నది. ఆ మాటకు లేచాను.

మామిడిపల్లి చౌరస్తాలో అజీజ్ దుకాణం, రంజాన్ పండుగైనా నమాజు చదివొచ్చి తెరిచాడు. గోడంతా టీవీలే, అన్నింట్లో ఒకే చేప ఒకే నీళ్లలో ఈదుతున్నది. సంగతి చెప్పాను. అజీజ్ మంచోడు, కానీ ఉత్సాహం ఎక్కువ. "అమ్మా, మీ చెల్లెంటే మా ఖాలా, మా చిన్నమ్మ లెక్క. ఒక్క దాంట్ల ఎందుకు, గోడ మొత్తం పెడ్త!" అన్నాడు. టీచర్ వద్దని చెప్పేలోపే తీగలన్నీ కలిపాడు. గంటా పన్నెండు దగ్గరికి తెచ్చి నొక్కాడు. చేపలు మాయమై గోడంతా ఒకేసారి నల్లబడింది. పదహారు టీవీలు, పదహారు నల్లగుడ్డలు. నేను ముఖం తిప్పుకోబోయాను. నిజం చెబుతున్నాను, అలవాటు. టీచర్ నా గడ్డం పట్టుకుని ఆపింది.

"గది మా సంధ్య పని. జర తీగలు తియ్యి బాబూ" అన్నది.

"మీ అమ్మాయి మస్తు గట్టిది అమ్మా" అని అజీజ్ నవ్వి, ఒకే టీవీకి పెట్టాడు. లోపల నుంచి వాళ్లావిడ ఫౌజియా కుర్చీ తెచ్చి వేసింది. షట్టరు సగం దించారు, వెలుతురు పడకుండా.

నువ్వు రాసినట్టే ఉన్నది. దుమ్ము నిలబడి ఉన్నది, ఎండ అందులో నానుతున్నది. ఒక్కొక్క రేణువూ కనబడింది, లెక్కపెట్టమంటే పెట్టేదాన్ని. అందులోంచి వచ్చింది. నీలం జాకెట్టు, భుజం దగ్గర విప్పి మళ్లీ వేసిన కుట్టు. ఆ కుట్టు నాదే. నాతో మాట్లాడని రోజుల్లో నేను కుట్టిన జాకెట్టే వేసుకుని తిరిగింది, డ్రమ్ము ఎదురుగా నిలబడి కూడా నేను చూడలేదు.

తెర అంచున ఒక ముసల్ది ముఖం అటు తిప్పుకుని నిలబడింది. ఒక చెవి, సగం చెంప. ఎవరీ పొగరుబోతు అనుకున్నాను. నేనే.

యమున తల తిప్పింది. కనుబొమ్మ ముడిచింది. పెదవులు కదిలించింది. నాకు ఒక్కసారికే వచ్చింది బిడ్డా. రెండోసారి అక్కర్లేకుండా వచ్చింది.

"అక్కా, సెంపకు పసుపంటింది. తుడుసుకో."

అంతే. ఇంకేమీ లేదు.

నీకు అర్థం కావాలని చెబుతున్నాను. డ్రమ్ము దగ్గర పసుపు అంటడం వింత కాదు. కానీ ఆరోజు సినిమావాళ్లు మా అందరి ముఖాలు కడిగించి పౌడరు రాయించారు. నా చెంప మీద మళ్లీ ఒక మరక పడింది. తెరలో స్పష్టంగా ఉన్నది, వేలెడు మరక. ఊరంతా చూసే బొమ్మలో అక్క మరకతో ఉండొద్దని, పదకొండు నెలల పంతం వదిలేసి చెప్పింది. కనుబొమ్మ ముడిచింది కోపానికి కాదు. పిల్లల ముఖం మీద ఏదైనా అంటితే మనం ఎట్లా కళ్లు చిట్లించి చూస్తామో అట్లా చూసింది. పదమూడేళ్లు చిన్నది, నన్ను పిల్లను చూసినట్టు చూసింది.

నీ మీద ఏమీ లేదు అందులో. సగం కాదు, గింజంత కూడా లేదు. ఇక అన్నం తిను.

ఈరోజు టీచర్ వెతికితే ఆ సినిమా లేదు. ఉన్నచోట ఇంకేదో ఉన్నది. పోనీ. నీ తాళం మంచిదే, గట్టిది, దాని మీద నాకు కోపం లేదు. సెలవు దొరికినప్పుడు రా. ఈ కారు అయిపోయేలోపు వస్తే డ్రమ్ము దగ్గర నిలబెట్టి పెదవి చదవడం నేర్పుతాను. ఇంక నీ పెదవులు చదివేవాళ్లు కూడా ఎవరో ఒకరు ఉండాలి కదా.

నిన్న ఎన్నిసార్లు వేయమన్నానో గుర్తులేదు. అజీజ్ అడగకుండానే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పాడు. బయట ఎండ తగ్గింది. ఒకసారి కొంగు తీసి చెంప తుడుచుకున్నాను. కొంగుకు ఏమీ అంటలేదు. అయినా గొంతు లేకుండా, పెదవులతోనే, "పోయిందా?" అని అడిగాను.

ఆమె దుమ్ములోంచి మళ్లీ వచ్చి మళ్లీ అదే అన్నది. మళ్లీ తుడుచుకున్నాను.

నీ పెద్దమ్మ
గంగమణి వేలిముద్ర
(పసుపు ఎక్కువైంది, తుడవొద్దు)